ఒడిలో ఒదగని యంత్రము

ల్యాప్‌టాప్ అను మాటకు ఒడిమీద పెట్టుకొనునది అని అర్థము. ఆ పేరు పెట్టినవారు పలకవంటి చిన్న వస్తువును మనసులో ఉంచుకొని పెట్టియుందురు. ఇటీవల గాంధారిలోని మా యింటికి వచ్చిన యంత్రమునకు మాత్రము ఆ పేరు చెల్లదు. దాని తెర మూలనుండి మూలకు 18 అంగుళములు. బరువు మూడు కిలోలు దాటినది. దానితో కూడ వచ్చిన విద్యుత్ అడాప్టరు ఇటుకను పోలియుండి, తానొక్కటే కిలోకు దగ్గరగా తూగుచున్నది. పని ముమ్మరముగా సాగునప్పుడు యంత్రము అడుగుభాగము చేయి పెట్టనీయనంత వేడెక్కును. దానికి ఒక బల్ల కావలెను. ఆ బల్ల కరెంటు ప్లగ్గుకు దగ్గరగా నుండవలెను. ఆ గదిలో గాలి ఆడవలెను. క్రొత్త అల్లుడు వచ్చినప్పుడు సర్దినట్లు దీనికొరకు గది యంతయు సర్దవలసివచ్చినది.

దీనిని గేమింగ్ ల్యాప్‌టాప్ అందురు. అనగా ఆటలకై ప్రత్యేకముగా చేయబడినది. యంత్రము వచ్చిన మరునాటినుండి చూడవచ్చిన చుట్టములు, ఇరుగుపొరుగువారు తెర పెద్దతనమును మెచ్చుకొనిరి. పిదప ధర అడిగిరి. ధర చెప్పిన తరువాత ఒక పెద్దమ్మ అడిగిన ప్రశ్న యిది: "ఏం బిడ్డా, ఆటలాడెతందుకు గిన్ని పైసలా?"

ఈ ప్రశ్నను నవ్వి దాటవేయరాదు. మన పల్లెలలో యువకులున్న అనేక గృహములలో నేడు ఇదే ప్రశ్న వేరువేరు మాటలలో వినబడుచున్నది. అడుగువారు తల్లిదండ్రులు. సమాధానము చెప్పవలసినవారు పిల్లలు. ఇరువురిలో ఎవరికిని యంత్రమును గూర్చి పూర్తిగా తెలియనిచో ఆ సంభాషణ అలుకతోనో, అప్పుతోనో ముగియును. కావున ఈ పెట్టె ఏమిటి, ఇది మననుండి ఏమి కోరును, మనకేమి ఈయగలదు అను మూడు సంగతులను నేడు విచారింతము.

ముందుగా డబ్బు సంగతి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినది. గాంధారి అందలి ఒక మండల కేంద్రము. ఎల్లారెడ్డి శాసనసభ నియోజకవర్గమున చేరినది. చుట్టును లంబాడీ తండాలు, అడవి అంచులు, వరి మళ్ళు, మక్కచేలు. ఇటువంటి చోట ఏ వస్తువు ధరనైనను మొదట పంటతో కొలుచుట అలవాటు. ఆ కొలత మంచిదే. చిన్న తెరగల గేమింగ్ ల్యాప్‌టాపులు లక్ష రూపాయల అటునిటుగా దొరకుచున్నవి. పెద్ద తెరలుగలవి రెండు లక్షలు, మూడు లక్షలు, అంతకు మించియు పలుకుచున్నవి. 2025-26 వానాకాలపు పంటకుగాను కేంద్ర ప్రభుత్వము సాధారణ రకము వడ్లకు నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన రెండు లక్షల యంత్రము అనగా సుమారు 84 క్వింటాళ్ళ వడ్లు. ఎకరమునకు 25 క్వింటాళ్ళు పండినదనుకొన్నను మూడెకరముల పైచిలుకు పంట. అందులో విత్తనములు, ఎరువులు, కూలి, కోతమిషను కిరాయి ఇంకను తీసివేయలేదు. అవి తీసివేసినచో ఎన్ని ఎకరముల మిగులు ఈ బల్లమీద కూర్చున్నదో రైతు సోదరులే లెక్క వేసికొనగలరు. పెద్దమ్మ ప్రశ్న వెనుక ఉన్న బరువు ఇది.

కొన్ని గృహములకు ఈ యంత్రము పొలము దారిన గాక విమానము దారిన వచ్చును. కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు బ్రతుకుదెరువునకై పోయినవారు వేలకొలది గలరు. సెలవుమీద వచ్చునప్పుడు తమ్మునికో కొడుకునకో ల్యాప్‌టాపు తెచ్చుట నేడు పరిపాటి. 18 ఏండ్లు నిండిన ప్రయాణికుడు తనతో ఒక ల్యాప్‌టాపును కస్టమ్స్ సుంకము లేకుండ తెచ్చుకొనుటకు మన నిబంధనలు అనుమతించుచున్నవి. అయితే తెచ్చుటకు ముందు రెండు సంగతులు విచారింపవలెను. అచ్చటి వారంటీ మన దేశములో చెల్లునా? చెడినచో బాగుచేయు కేంద్రము కామారెడ్డిలోనో, నిజామాబాదులోనో, కనీసము హైదరాబాదులోనో కలదా? ఎండలో కష్టించి సంపాదించిన డబ్బుతో కొన్న వస్తువు మరమ్మతు లేక మూలపడినచో ఆ బాధ యంత్రమునకు కాదు, తెచ్చినవానికి.

ఇక ఈ పెట్టె లోపల ఏమున్నదో చూతము. ప్రతి కంప్యూటరులోను ప్రాసెసరు అను ప్రధానభాగ మొకటి ఉండును. లెక్కలన్నియు అదే చేయును. గేమింగ్ యంత్రములో దానికి తోడుగా గ్రాఫిక్స్ ప్రాసెసరు అను మరియొక శక్తిమంతమైన భాగ ముండును. వాడుకలో దీనిని జీపీయూ అందురు. ధరలో పెద్ద పాలు దీనిదే. ఈ రెండింటి భేదమును మన వరిమడి చక్కగా బోధించును. ఇంటి పెద్ద తెలివిగలవాడు. ఎంత చిక్కు లెక్కనైనను ఒకదాని వెంట నొకటిగా తీర్చగలడు. కాని నాట్ల దినమున అతడొక్కడే మడిలో దిగినచో ఏమగును? పొద్దుగూకు నప్పటికి ఒక మూల కూడ నిండదు. అదే ఇరువదిమంది స్త్రీలు వరుసగా నిలిచి నాటు వేసినచో మధ్యాహ్నమునకే మడి పచ్చబడును. ఒక్కొక్క చేతి పని చిన్నది. అన్ని చేతుల పనియు ఒకే తీరుది. ప్రాసెసరు ఇంటి పెద్దవంటిది. జీపీయూ నాట్ల వరుసవంటిది. అందులో చిన్న చిన్న లెక్కలు చేయు భాగములు వేలకొలది ఉండి, అన్నియు ఒకేసారి పనిచేయును.

అన్ని చేతులు ఎందుకు అని అడుగవచ్చును. తెర అనునది రంగుచుక్కల మడి. ఇటువంటి పెద్ద తెరలలో తరచుగా అడ్డమునకు 2,560, నిలువునకు 1,600 చుక్కలుండును. హెచ్చించినచో 40,96,000 చుక్కలు. మనము సినిమాహాలులో చూచు చిత్రము సెకనుకు 24 బొమ్మలతో నడచును. ఈ తెరలు సెకనుకు 240 మారులు బొమ్మను మార్చగలవు. పూర్తి వేగముతో నడచినచో ఒక్క సెకనులో 98 కోట్లకు పైగా చుక్కలకు రంగు వేయవలసియుండును. పైగా సినిమాలోని బొమ్మ ముందే సిద్ధముగా నున్నది. ఆటలోని బొమ్మ అట్లు కాదు. ఆడువాడు ఎటు తిరుగునో ముందుగా తెలియదు గనుక వెలుగు, నీడ, నీటి అల, ఆకుల కదలిక అన్నియు అప్పటికప్పుడు లెక్కగట్టి చూపవలెను. కాబట్టి ఆట అనగా సులువైన పని అనుకొనుట పొరపాటు. ఒక సాధారణ కంప్యూటరుకు ఇచ్చు పనులలో ఇంతకంటె కఠినమైనవి కొన్నియే గలవు.

ఆటకును కంప్యూటరుకును గల చుట్టరికము నేటిది కాదు. మన దేశమున బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు నిర్మించిన టిఫ్రాక్ అను కంప్యూటరు 1960లో లాంఛనముగా ప్రారంభింపబడినది. అందులో సుమారు 2,700 శూన్యనాళిక లుండెడివి. దానికి పెద్ద గది కావలసివచ్చెను. రెండేండ్ల తరువాత 1962లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ యువకులు బీరువాలంత కంప్యూటరుమీద రెండు రోదసినౌకలు పోరాడు ఆట నొకదానిని తయారుచేసిరి. దాని పేరు స్పేస్‌వార్. యంత్రము శక్తి ఎంతయో పరీక్షించుటకు అది మంచి సాధన మయ్యెను. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఈసీఐఎల్, తరువాతి దశకమున స్వదేశీ కంప్యూటర్లను తయారుచేసినది. 1981లో అమెరికా అంగడికి వచ్చిన ఆస్బర్న్ అను చేతిపెట్టె కంప్యూటరు సుమారు 11 కిలోల బరువు. దాని తెర 5 అంగుళములు మాత్రమే. నేడు మా బల్లమీది పెట్టె దానిలో మూడవవంతు బరువు లేదు. తెర మూడు రెట్లకు మించినది. 1999లో ఎన్విడియా సంస్థ ఆటలకొరకు అమ్మిన జీఫోర్స్ 256 అను పరికరముతో జీపీయూ అను పేరు లోకమున వాడుకలోనికి వచ్చినది.

అటు తరువాత జరిగినది గమనింపదగినది. 2012లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయ విద్యార్థి అలెక్స్ క్రిజెవ్‌స్కీ, తన సహచరుడు ఇల్యా సట్స్‌కెవర్, ఆచార్యుడు జెఫ్రీ హింటన్‌లతో కలిసి, బొమ్మలోనున్న వస్తువేదియో గుర్తింపగల ఒక విధానమును రూపొందించెను. 12 లక్షల బొమ్మలతో దానికి శిక్షణ నిచ్చుటకు అయిదారు దినములు పట్టినది. ఆ శిక్షణ జరిగినది మహాయంత్రములపై గాదు. ఆటగాండ్రు అంగడిలో కొనుకొను రెండు గ్రాఫిక్స్ కార్డులపై, తల్లిదండ్రుల యింటిలోని ఆ విద్యార్థి పడకగదిలో. ఆ యేటి పోటీలో రెండవ స్థానమువారు 26 శాతము తప్పులు చేయగా వీరి విధానము 15 శాతము చిల్లర తప్పులు మాత్రమే చేసినది. నేడు ఇంటింట వినబడుచున్న కృత్రిమమేధ విజృంభణకు అదియొక మలుపు. 2024లో హింటన్‌కు జాన్ హాప్‌ఫీల్డ్‌తో కలిపి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆటకై పుట్టిన పరికరము శాస్త్రమునకు చేతికర్ర యైన కథ యిది. కనుక పెద్దమ్మ ప్రశ్నకు మొదటి సమాధానము: ఇది ఆటలపెట్టె యనుట నిజమే, కాని ఆటలపెట్టె మాత్రమే యనుట నిజము కాదు.

అయితే ఇది ఊరకే పనిచేయదు. దీని కోరికలు కొన్ని గలవు. వానిలో మొదటిది కరెంటు. పెద్ద గేమింగ్ యంత్రముల అడాప్టర్లు 240 మొదలు 330 వాట్ల వరకు ఇచ్చుచుండును. అర్ధ హార్స్‌పవరు మోటారు అనగా 373 వాట్లు. కాబట్టి ఇది చిన్న నీటిమోటారుకు ఇంచుక తక్కువ. ఆటలో సుమారు 200 వాట్లు వాడుకొనుచున్నదనుకొందము. అయిదు గంటలకు ఒక యూనిట్. మన పాతకాలపు సీలింగు ఫ్యాన్లు రెండున్నర తిరిగినంత. బిల్లు భయపడవలసినంత కాకున్నను లెక్కలో ఉంచుకొనవలసినదే.

బ్యాటరీ సంగతి మరియు విచిత్రము. 100 వాట్-అవర్లకు మించిన బ్యాటరీగల వస్తువును విమానములో తీసికొనిపోవుటకు ఆ విమానసంస్థవారి ప్రత్యేకానుమతి కావలెను. అందుచేత ఎంత పెద్ద ల్యాప్‌టాపుకైనను ఆ హద్దు లోపలి బ్యాటరీయే అమర్తురు. ఆటకు 200 వాట్లు కావలసినచో ఆ బ్యాటరీ అరగంటలో ఆరిపోవును. యంత్రము అంతదాక పోనీయక తన వేగమును తానే తగ్గించుకొనును. కావున కరెంటు పోయినప్పుడు కూడ గంటలకొలది ఆడవచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. ఇది కట్టుకొయ్యను విడువని పశువు. ఎల్లప్పుడు ప్లగ్గులోనే ఉంచువారు బ్యాటరీ నూటికి 80 పాళ్ళవద్ద ఆగునట్లు అమర్చుకొనుట మంచిది. చాల యంత్రములలో ఆ సదుపాయము గలదు. ప్లగ్గులోని మూడవ ముల్లు అలంకారమునకు గాదు. ఇంటికి ఎర్తింగు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించుకొనవలెను. ఉరుములు మెరుపులు వచ్చునప్పుడు ప్లగ్గు ఊడదీయవలెను.

రెండవది వేడి. వాడిన కరెంటంతయు చివరకు వేడిగా మారి గదిలోనికే వచ్చును. చాల తయారీదారులు తమ ల్యాప్‌టాపులను 35 డిగ్రీల సెల్సియస్ వరకు గల గాలిలో వాడుడని సూచింతురు. మన ప్రాంతమున ఏప్రిలు, మే నెలలలో మధ్యాహ్నపు వేడి 40 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. రేకుల కప్పు క్రింది గది సంగతి చెప్పనేల? అట్టి వేళ లోపలి ఫ్యానులు జల్లెడ మిషనువలె రొద చేయును. యంత్రము తన్ను కాపాడుకొనుటకు నెమ్మదించును. కొన్నవాడు యంత్రము చెడినదని దిగులుపడును. చెడినది యంత్రము కాదు, వేళ. ఎండాకాలమున ముమ్మరమైన పనిని తెల్లవారుజామునకో రాత్రికో మార్చుకొనవలెను. పరుపుమీదను బొంతమీదను పెట్టరాదు. క్రిందినుండి గాలి పీల్చు రంధ్రములు మూసికొనిపోవును. బల్లమీద పెట్టి, వెనుకవైపు జానెడు ఖాళీ వదలినచో చాలును.

మూడవది దుమ్ము. మక్కలు నూర్చు దినములలో వాకిట లేచు పొట్టు, పత్తి తీయు దినములలోని నూగు ఫ్యాను రెక్కలకు అతుకుకొని కొలదికాలమునకే పొరగా పేరును. కొన్ని నెలల కొకమారు యంత్రము ఆపి, ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో రంధ్రములను తుడువవలెను. లోపలి భాగములను విప్పి శుభ్రపరచుట తెలిసినవాని పని.

నాల్గవది ఇంటర్నెట్. నేటి పెద్ద ఆటలలో కొన్ని 100 గిగాబైట్లకు మించియున్నవి. దినమునకు 2 గిగాబైట్లిచ్చు ఫోను పథకముతో అట్టి ఆట నొకదానిని దించుకొనుటకు 50 దినములు పట్టును. ఇంటికి వైరు కనెక్షను లేనివారు కొనుటకు ముందే ఈ లెక్క చూచుకొనవలెను. ఎడ్లు కొన్న తరువాత కొట్టము వెదకుట తెలివి కాదు గదా!

ఇన్ని కోరికలు తీర్చినచో ఇది మనకేమి యిచ్చును? మా యింట ఈ యంత్రమును కోరినవాడు ఇంటరు ముగించిన పిల్లవాడు. అతనికి ఆటలయందు ప్రీతి గలదు. బొమ్మలయందును ప్రీతి గలదు. ఈ రెండవ ప్రీతిని చూచియే మేము అంగీకరించితిమి. బ్లెండర్ అను ఒక ప్రోగ్రాము గలదు. దానితో మూడు కొలతల బొమ్మలు చేసి కదలింపవచ్చును. అది ఎవరికైనను ఉచితము. చిన్నదేశమైన లాత్వియాలో అతి తక్కువమంది కళాకారులు బ్లెండర్‌తో తీసిన ఫ్లో అను చిత్రము 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఆస్కారు బహుమానము పొందినది. అందులో మాటలు లేవు. ఒక పిల్లి, కొన్ని జంతువులు, వరదనీరు మాత్రమే. మన తెలుగువారి బాహుబలి మొదటి భాగము 2015లో విడుదలయై, అందలి మాయాదృశ్యములకుగాను వి. శ్రీనివాసమోహన్‌కు జాతీయ పురస్కారము తెచ్చినది. అట్టి పనికి హైదరాబాదులో అనేక సంస్థలున్నవి. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమున యానిమేషను పట్టము వరకు బోధింపబడుచున్నది. ఈ పనులన్నిటికి కావలసిన గ్రాఫిక్స్ బలమును ఆటల యంత్రములోని బలమును వేరువేరు కావు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. నాగలి కొన్నంత మాత్రమున పొలము దున్నబడదు. యంత్రము విద్యను ఈయదు, విద్యకు దారి నిచ్చును. 2008లో బాసరలో నెలకొల్పబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతిలో మంచి మార్కులు పొందిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని, ల్యాప్‌టాపుద్వారా చదువు చెప్పు పద్ధతిని ప్రవేశపెట్టినది. ఆ విద్యార్థులకు అందినవి ఇట్టి భారీ యంత్రములు కావు. సాధారణమైనవే. వానితోనే ఎందరో చదివి ఉద్యోగములు సంపాదించిరి. కాబట్టి ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుటకు, పాఠములు వినుటకు, పోటీ పరీక్షలకు చదువుకొనుటకు రెండు లక్షల యంత్రము అక్కరలేదు. నలుబది యేబది వేల యంత్రము చాలును. చదువు పేరు చెప్పి ఆటల యంత్రమును అడుగు పిల్లలు ఉండవచ్చును. బొమ్మలపని, వీడియో కూర్పు, కృత్రిమమేధ ప్రయోగములు, లేదా ఆటలు, ఈ నాలుగింటిలో దేనికి కావలెనో పిల్లవాడు నిజము చెప్పవలెను. ఆటకే కావలెనన్నను అది నేరము కాదు. ఇంటికి తాహతు ఉన్నచో వినోదమునకు కూడ ఖర్చు పెట్టవచ్చును. అబద్ధముతో మొదలుపెట్టిన కొనుగోలు మాత్రము ఇంట్లో శాంతిగా ఉండనీయదు.

ఇక కాలము సంగతి. డబ్బు పోయినచో మరల పంట వచ్చును. ఇరువది యేండ్ల వయసులో పోయిన కాలము మరల రాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో గేమింగ్ రుగ్మత అనునది చేర్చబడినది. ఆటను అదుపు చేసికొనలేకుండుట, తక్కిన పనులన్నిటికంటె ఆటకే పెద్దపీట వేయుట, నష్టము కలుగుచున్నను మానలేకుండుట దాని లక్షణములు. సాధారణముగా ఈ స్థితి 12 నెలలు కొనసాగినచో వైద్యులు దానిని రుగ్మతగా గుర్తింతురు. రాత్రి రెండు గంటలు ఎక్కువ ఆడినవాడెల్ల రోగి కాడు. తిండి, నిద్ర, చదువు, స్నేహితులు ఒక్కొక్కటే జారిపోవుచున్నచో మాత్రము పెద్దలు మేలుకొనవలెను.

అంతకంటె ప్రమాదకరమైనది డబ్బు ఒడ్డి ఆడు ఆట. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే చట్టము సవరించి ఇంటర్నెట్‌లో డబ్బుతో ఆడు ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటను అట్టి ఆటలను నడుపుటను నిషేధించి, పోటీ క్రీడలుగా ఆడు ఎలక్ట్రానిక్ ఆటలను వేరుగా గుర్తించినది. ఈ భేదమును ప్రతి యింటివారు తెలిసికొనవలెను. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఎలక్ట్రానిక్ ఆటలకు పతకములీయబడినవి. అది నైపుణ్యపు పోటీ. పందెము కట్టునది జూదము. తెర యొకటే కావచ్చును, దారులు వేరు.

జూదమన్నప్పుడు మా ఊరి పేరు వినినవారికి మహాభారతములోని గాంధారి గుర్తుకు వచ్చుట సహజము. హస్తినాపురమున పాచికలు వేసిన శకుని ఆమెకు స్వయముగా సోదరుడు. పందెములు కట్టినది ఆమె కొడుకు పక్షము. ఆ తల్లి కండ్లకు గంతలు కట్టుకొనియుండెను. భర్త చూడలేని లోకమును తానును చూడనని ఆమె పూనిన వ్రతము గొప్పదే. కాని ఇల్లు పాచికలపాలగు వేళ ఆ గంతలు ఎవరికి మేలు చేసినవి? నేడు మనలో ఎందరో తల్లిదండ్రులు ఇట్టి గంతలే కట్టుకొనుచున్నారు. "మాకీ కంప్యూటర్లు తెల్వవు, వాడేం చేస్తుండో వానికే ఎరుక" అని చెప్పుట ఒక గంత. "దాని ముఖము చూడవద్దు, ముట్టుకొన్నచో కాళ్ళు విరుగగొట్టెద" అనుట మరియొక గంత. మొదటిది ప్రేమతో కట్టుకొన్నది. రెండవది భయముతో కట్టుకొన్నది. రెంటిలోను చూపు లేదు.

చూచుట అనగా కాపలా కాయుట గాదు. ప్రక్కన ఒక కుర్చీ వేసికొని కూర్చుండి, ఈ ఆట ఏమిటి, ఇందులో గెలుపు ఎట్లు, దీనికి డబ్బు కట్టవలెనా, నీతో ఆడుచున్న ఆ రెండవవాడెవడు అని అడుగుట. పద్దెనిమిది అంగుళముల తెర ఇందుకు ఎంతో అనుకూలము. ఫోను తెర ఒకరి అరచేతిలో దాగును. ఈ తెర దాగదు. గదిలో నలుగురు కూర్చుండి చూడవచ్చును. పల్లెలలో ఒకప్పుడు పంచాయతీ రేడియో చుట్టు ఊరంతయు కూడెడిది. ఆ దినములలో ఇంట రేడియో ఉంచుకొనుటకు తపాలా కార్యాలయమున రుసుము కట్టి లైసెన్సు పొందవలసియుండెను. ఆ పద్ధతి 1980ల నడుమ తొలగినది. యంత్రము ఇంటికి రావలెనన్నచో ఒక ఒప్పందము ఉండవలెనను ఊహ మాత్రము తొలగదగినది కాదు. అయితే ఈ లైసెన్సు ఇచ్చువారు ఇంటివారే.

మా యింట ఆ ఒప్పందము ఒక కాగితముమీద వ్రాసి బల్ల ప్రక్కన అంటించితిమి. యంత్రము నలుగురు తిరుగు గదిలోనే ఉండును. రాత్రి పది దాటినచో తెర మూయవలెను. ఆడిన ప్రతి గంటకు ఒక గంట బొమ్మలపని చేయవలెను. ఏ ఆటలోనైన పైస కట్టవలసివచ్చినచో ముందుగా ఇంటిలో చెప్పవలెను. నెల కొకమారు దుమ్ము తుడుచుట, కరెంటు బిల్లు చూచుట పిల్లవాని పని. ఈ షరతులకు ఇంటి పెద్దలును కట్టుబడవలెను. రాత్రి పది తరువాత మన చేతిలోని ఫోను వెలుగుచున్నచో పిల్లవాని తెర మూయుడని చెప్పు హక్కు మనకు లేదు. ఒప్పందము వ్రాసినప్పుడు ఈ షరతును కోరినవాడు పిల్లవాడే. అది న్యాయమని అంగీకరింపక తప్పినది కాదు.

శ్రోతలారా! వస్తువునకు డబ్బు చెల్లించి రసీదు పుచ్చుకొన్నంతనే మనము దానికి యజమానులమైతిమనుకొందుము. చీపురుకు, చెంబుకు ఆ మాట చెల్లును. కాలమును, చూపును, నిద్రను కోరగల వస్తువు విషయమున యజమానత్వము రసీదుతో రాదు. ప్రతిదినము సంపాదించుకొనవలసియుండును. తెర మూయవలెనని మనము తలచినప్పుడు మూయగలిగినచో మనము యజమానులము. మూయలేకున్నచో యజమాని యది. రెండు లక్షల యంత్రమునకైనను ఇరువది వేల ఫోనుకైనను ఈ పరీక్ష యొక్కటే.

పెద్దమ్మ ప్రశ్నకు మేమిచ్చు సమాధాన మిది. అమ్మా, ఆటకొరకు మాత్రమే యైనచో ఈ ధర మాబోటివారికి ఎక్కువే. ఈ యంత్రము వెల ఏటేట తగ్గుచుండును. అయిదారేండ్లకు పాతబడును. అంతలోపల ఆ పిల్లవాని చేతికి ఒక పని అబ్బినచో 84 క్వింటాళ్ళ వడ్లు విత్తనములైనట్లు. అబ్బకున్నచో తిని కూర్చున్నట్లు. ఏది జరుగునో యంత్రము చెప్పదు. ప్రక్కన వేసిన ఆ రెండవ కుర్చీలో ఎవరు, ఎంత తరచుగా కూర్చుందురో దానినిబట్టి తెలియును.